చిన్న పాపం చిన్నగానే ఉండిపోతే

మా వైపు సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి ఎవరైనా లేచారంటే సగం కథ ముందే తెలిసిపోతుంది. తాగేవాణ్ణి, పెళ్లాన్ని కొట్టేవాణ్ణి, పేకాటలో పొలం పోగొట్టుకున్నాను, ప్రభువు నన్ను పట్టుకున్నాడు, అన్నీ మానేశాను. అందరూ "స్తోత్రం" అంటారు. నేనూ అంటాను, మనస్ఫూర్తిగానే అంటాను. శ్రీకాకుళం జిల్లాలో బడిపంతులుగా బతికినవాణ్ణి. తండ్రి తాగుడు మానేసిన ఏడాది పిల్లాడు బడికి ఎలా వస్తాడో, అంతకుముందు ఏడాది ఎలా వచ్చేవాడో నాకు బాగా తెలుసు. ఆ సాక్ష్యాలకు వంక పెట్టే ఉద్దేశం నాకు లేదు.

నా పేచీ ఆ తర్వాతి సంగతితో. బాప్తిస్మం అయింది, నెల మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనపు బల్ల తీసుకున్నారు, పేరు సంఘం పుస్తకంలోకి ఎక్కింది. ఇక ఆ మనిషిని ఎవరూ ఏమీ అడగరు. దశమభాగం ఇస్తున్నాడా, ఉపవాస కూటానికి వస్తున్నాడా, అంతవరకే. కిరాణా కొట్లో ఎగ్గొట్టిన ఖాతా ఏమైంది? తోటికోడలి మీద ఊరంతా చెప్పుకొచ్చిన మాట ఏమైంది? కరువు పనికి వెళ్లకుండానే వేయించుకున్న హాజరు? బస్సులో ఆరేళ్ల పిల్లాడికి నాలుగేళ్లేనని చెప్పడం? ఇవన్నీ పెద్ద సాక్ష్యం చాటున హాయిగా ఇంట్లోనే ఉండిపోతాయి. తాగుడు మానినవాడు ఇంత చేశాడు కదా, ఇంకా ఎందుకు తవ్వడం అనుకుంటాం.

ఎప్పుడైనా ఈ చిన్న పాపాల మీద వాక్యం చెప్పారంటే అది ఒకే దారిలో నడుస్తుంది. పరమగీతంలో ద్రాక్షతోటలు చెరిపే గుంటనక్కలు వస్తాయి, కొరింథీ పత్రికలో ముద్దంతా పులియజేసే పులిసిన పిండి వస్తుంది, చివరికి దోపుడు సొమ్ము దాచుకుని ఇశ్రాయేలంతటికీ ఓటమి తెచ్చిన ఆకాను వస్తాడు. ఈ రోజు పెన్సిలు దొంగ, రేపు బ్యాంకు దొంగ. చిన్నది పెద్దదవుతుంది, కాబట్టి చిన్నప్పుడే తుంచు.

నాకు ఈ వాదన మీద నమ్మకం తక్కువ. కొందరి విషయంలో అలా జరుగుతుంది, కాదనను. కానీ నేను చూసినంతలో చిన్న పాపాలు చేసేవాళ్లలో ఎక్కువమంది చచ్చేదాకా చిన్న పాపాలే చేస్తారు. పావుకిలోకి పది గ్రాములు తగ్గించే కొట్టాయన ఎన్నడూ ఎవరింటికీ కన్నం వెయ్యలేదు. చాటుగా చాడీలు చెప్పే ఆవిడ ఎవరినీ చంపలేదు. కుర్రాళ్లకు ఇది తెలుసు. అందుకే "పెన్సిలు దొంగ, బ్యాంకు దొంగ" అనగానే వెనక బెంచీలో నవ్వుకుంటారు. పైగా ఆ వాదనలో ఒక సందు ఉంది. పెద్దదవుతుంది కాబట్టే తప్పు అంటే, పెద్దది కాకుండా జాగ్రత్తపడితే చాలన్నమాట. మనలో చాలామంది ఆ జాగ్రత్తలోనే ఆరితేరిపోయాం.

చిన్న పాపం చిన్నగానే ఉండిపోయి చేసే పని వేరే ఉంది. అది మనిషి నోరు మూయిస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదే. దీన్ని నాకు అర్థమయ్యేలా చెప్పింది ఏ బోధకుడూ కాదు, పలాసలో జీడిపప్పు ఒలిచే ఒక అమ్మాయి.

పలాస, కాశీబుగ్గల్లో జీడి పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. జీడిపిక్కల్ని ఆవిరి మీద ఉడకబెట్టి, ఆరాక ఒక్కొక్కటే కోసి పప్పు బయటికి తీస్తారు. పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, కోత పనిలో ఉన్న ఆడవాళ్ల వేళ్లు నల్లగా మాడిపోయి ఉంటాయి. తీసిన పప్పుని వేడి గదిలో ఎండబెడితే పైన ఉన్న ఎర్ర పొట్టు వదులవుతుంది. దాన్ని చిన్న కత్తితోనూ గోటితోనూ ఒలిచి, నిండు పప్పు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఇంకోవైపు వేరు చేస్తారు. ఒలిచినదానికి కిలోల లెక్కన కూలి. సాయంత్రం కాటా దగ్గర వరసగా నిలబడతారు. ఎవరి పళ్లెంలో పప్పు వాళ్లు తూయించుకోవాలి, గుమస్తా అంకె రాసుకుంటాడు. ఆ అంకే కూలి.

ఈ అమ్మాయి మా బాప్తిస్మం తరగతికి వచ్చేది. ఆ తరగతి చెప్పే పని సంఘం నాకు అప్పజెప్పింది, రిటైరైన మేస్టారికి వేరే పనేముంటుందని. ఒకనాడు అందరూ వెళ్లిపోయాక గుమ్మం దగ్గర ఆగింది.

"మేస్టారూ, గుప్పెడు పప్పు కొంగున కట్టుకెల్తే అదీ పాపంలోకే వస్తదేటండి?"

"పప్పు ఎవరిదమ్మా?"

"సావుకారిదేనండి. మరి ఆల్లు కాటాలో ఎంత లాగేత్తారో మీకు తెల్దు. పొద్దున్నుంచీ ఒలిసినదాన్ని, మా గుంటడికి ఓ గుప్పెడు తీసికెల్తే..."

వాక్యం ముగించలేదు. నేను పాపమేనన్నాను. వాళ్ల కాటా అంతకంటే పెద్ద పాపమని కూడా అన్నాను. లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం తీసి తూకంలో, కొలతలో అన్యాయం చేయకూడదన్న మాట చూపించాను. సామెతల్లో "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని ఉన్నదీ చదివాను. ఆవిడకది ఆనలేదు. "పెద్దది సేసినోల్లకి ఏటీ నేదు, నాకేనా లెక్కంతా?" అంది. న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. "వాళ్ల లెక్క వాళ్లకుంది. నువ్వు వాళ్లని కాటా సంగతి ఇప్పుడు అడగ్గలవా?" అన్నాను. ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

కొన్ని వారాల తర్వాత తనంతట తనే చెప్పింది. పప్పు తీసుకెళ్లడం మానేసిందట. తర్వాత ఒకనాటి సాయంత్రం కాటా దగ్గర తన వంతు వచ్చినప్పుడు, పళ్లెం పెట్టకముందే "బాబూ, ఒట్టి కాటా మీద సున్నా ఉందో నేదో ఓసారి సూపించండి" అని గుమస్తాని అడిగిందట. ఆయన కసిరాడు. ఈవిడ కదల్లేదు. వెనక నిలబడ్డవాళ్లు కూడా మెడలు సాచి చూశారు. కాటా సున్నా దగ్గర లేదు. ఆయన గొణుక్కుంటూ మీట నొక్కి సున్నాకి తెచ్చాడు.

"ఇదివరకూ అడగాలనే ఉండేది మేస్టారూ. అడుగుదుమనుకుంటే కొంగు గుర్తొచ్చేది."

అంతే జరిగింది. అదేమీ ఉద్యమం కాలేదు. కూలి రేటు పెరగలేదు. మర్నాడు కాటా సున్నా దగ్గరే ఉందో లేదో నాకు తెలియదు. కానీ ఆవిడ చెప్పిన ఆ ఒక్క మాట మా ఊళ్ల సంగతి మొత్తం విప్పి చూపించింది. ఆ గుప్పెడు పప్పు వల్ల సావుకారికి పోయేది ఏమీ లేదు. నిజానికి ఆయనకది లాభం. గేటు దగ్గర ఎప్పుడు కొంగు విప్పమంటారోనని భయపడే మనిషి కాటా వైపు వేలు చూపించదు. పెద్ద దొంగతనం చిన్న దొంగతనాలు చూసీ చూడనట్టు వదిలేసేది జాలితో కాదు.

ఒకసారి ఇది కనబడ్డాక ప్రతిచోటా ఇదే కనిపిస్తుంది. కరువు పనిలో చూడండి. పనికి రాని రోజుకి కూడా హాజరు వేసి, వచ్చిన డబ్బులో కొంత పంచుకుంటారు. 2023 జనవరి నుంచి పనిచోట ఫోనులో ఫొటో తీసి హాజరు ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఫొటోలో నిలబడి ఇంటికి వెళ్లిపోవడం కూడా అప్పుడే మొదలైంది. ఎప్పుడో చెరువు పనిలో పెద్ద మొత్తం మింగేశారని తేలితే అడిగే నోరు ఎవరికుంది? "నీ పేరు మీద ఎన్ని రోజులు పడ్డాయో తియ్యమంటావా?" అంటే చాలు, ఊరంతా తలదించుకుంటుంది. ఎన్నికల ముందు రాత్రి చేతిలో పడే నోటూ అంతే. అది తీసుకున్నవాడు ఐదేళ్లూ రోడ్డు గురించి అడగలేడు. అడిగినా గట్టిగా అడగలేడు.

లూకా పదహారో అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటని ఇప్పుడు నేను వేరేలా చదువుకుంటున్నాను. "మిక్కిలి కొంచెములో అన్యాయముగా ఉండువాడు ఎక్కువలోను అన్యాయముగా ఉండును." ఇందులో కొంచెం పెరిగి ఎక్కువ అవుతుందని లేదు. మనిషి ఒకడే అని ఉంది. కొంచెంలో ఏ మనిషి ఉన్నాడో ఎక్కువలోనూ వాడే ఉంటాడు. ఎక్కువ చేతికి రాకపోవచ్చు, అది వేరే సంగతి.

పదహారు వందల ఏళ్ల కిందట బిషప్పు అగస్టీను తన తల్లి మోనికా గురించి రాసుకున్న ఒక సంగతి కూడా ఇక్కడ పనికొస్తుంది. మోనికా ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి అల్జీరియా వైపు, దైవభక్తి ఉన్న ఇంట్లో పెరిగింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు పీపాలోంచి ద్రాక్షారసం ముంచుకురమ్మని పెద్దవాళ్లు పంపేవారు. సీసాలో పోసే ముందు పెదవి తడిపేంత చప్పరించేది, తాగాలని కాదు, కేవలం చిన్నతనపు చిలిపితనంతో. రోజూ కొంచెం కొంచెం పెరిగి చివరికి ఇంచుమించు నిండు గిన్నెలు ఆత్రంగా తాగేసే దాకా వచ్చింది. మన బోధకులు ఇక్కడ ఆపేసి "చూశారా, పెద్దదైంది" అంటారు. నాకు నచ్చింది ఆ తర్వాతి భాగం. ఆ పిల్లని మాన్పించింది తల్లిదండ్రులు కాదు, కట్టడితో పెంచిన ముసలి దాది కూడా కాదు. రోజూ తనతో పాటు పీపా దగ్గరికి వెళ్లే పనిపిల్ల. ఇద్దరికీ ఏదో పోట్లాట వచ్చింది. ఆ కోపంలో పనిపిల్ల చిన్న యజమానురాల్ని "తాగుబోతుదానా" అనేసింది. ఆ మాట సూటిగా తగిలి మోనికా ఆ రోజుతో మానేసింది. పనిపిల్ల ఆమెను బాగు చేయాలని అనలేదు, గాయపరచాలనే అంది అంటాడు అగస్టీను. దెబ్బ తగిలింది మాత్రం సరైన చోట. తెలిసినవాళ్లెవరూ మాట్లాడకపోవడం వల్లే అన్నాళ్లు సాగింది. ఒక్కరు మాట్లాడేసరికి ఆగింది. ఆగడానికి మోనికా వయసు కూడా కలిసొచ్చింది. పెళ్లై, కోడళ్లొచ్చి, సంఘంలో పేరు తెచ్చుకున్నాక ఎవరైనా ఆ మాట అని ఉంటే ఏం జరిగి ఉండేదో మనందరం ఊహించగలం.

మొదట్లోనే ఎందుకు అన్నదానికి నా జవాబు ఇక్కడే ఉంది. కొత్తగా నమ్ముకున్న మనిషికి మొదటి ఏడాది లోకం ఒక సౌకర్యం ఇస్తుంది. ఆ సౌకర్యం మళ్లీ రాదు. అతను మారతాడని అందరూ ఎదురుచూస్తుంటారు, కొందరు వెటకారంగా, కొందరు ఆశగా. ఆ ఏడాదిలో అతను ఎరువుల కొట్టుకు వెళ్లి, "బాబూ, పోయినేడు ఒక బస్తా లెక్కలో తప్పిపోయింది, మీరు చూసుకోలేదు, నేను చెప్పలేదు, ఇదిగో డబ్బు" అంటే కొట్టాయన ఆశ్చర్యపోతాడు కానీ అనుమానించడు. "దేవుణ్ణి నమ్ముకున్నాడట, అందుకే తెచ్చిచ్చాడు" అంటాడు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, ఆ తెలియడంలో పరువు తక్కువేమీ ఉండదు. అదే మనిషి పదిహేనేళ్ల తర్వాత సంఘ పెద్ద అయ్యాక అదే డబ్బు పట్టుకుని అదే కొట్టుకు వెళ్లగలడా? అప్పటికి బస్తా ధర ఒక్కటే కాదు, పదిహేనేళ్లు ముందు వరసలో కూర్చుని పాడిన పాటలు కూడా లెక్కలోకి వస్తాయి. "ఇన్నాళ్లూ ఏం చేశావు?" అన్న ప్రశ్నకు జవాబుండదు. బాకీ పెరగదు, తీర్చే ఖర్చు పెరుగుతుంది. చిన్న పాపాన్ని తర్వాత చూద్దామనుకునేవాళ్లు వడ్డీ ఎక్కడ పడుతుందో తెలియక మోసపోతున్నారు.

లూకా సువార్తలోని జక్కయ్య ఆ లెక్క తెలిసిన మనిషి. పన్నుల గుత్తేదారు కదా, లెక్కలు బాగా వచ్చు. ప్రభువు ఇంటికొచ్చిన రోజే, అక్కడికక్కడే నిలబడి, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. రేపు చెప్తానని అనలేదు. ధర్మశాస్త్రం మామూలుగా అడిగింది అంత కూడా కాదు. సంఖ్యాకాండం అయిదో అధ్యాయం ప్రకారం పాపం ఒప్పుకుని, అసలుకి అయిదో వంతు కలిపి, నష్టపోయినవాడికి ఇవ్వాలి. వంద రూపాయలకు నూట ఇరవై. లేవీయకాండం ఆరో అధ్యాయంలోనూ ఇంతే. ముందు మనిషికి ఇచ్చెయ్యాలి, తర్వాతే బలి. కొండమీది ప్రసంగంలో బలిపీఠం దగ్గర కానుక అక్కడే వదిలేసి ముందు సహోదరుడితో సమాధానపడమన్నదీ ఇదే వరస. మన సంఘాల్లో వరస తిరగబడింది. కానుకల సంచీ ఠంచనుగా వస్తుంది, బాకీ సంగతి ఎవరూ ఎత్తరు.

ఇది కృపను కాదని క్రియలతో రక్షణ అమ్ముకోవడం కాదా అని మా సంఘంలో ఒక పెద్దాయన అడిగారు. జక్కయ్య ఇంటికి ప్రభువు వెళ్లింది డబ్బు తిరిగి ఇచ్చాక కాదు, ఇవ్వకముందే. ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చాకే జక్కయ్య చెయ్యి పెట్టె మీదికి వెళ్లింది. తీతు పత్రికలో కృపే మనకు భక్తిహీనత విడిచిపెట్టడం నేర్పుతుందని ఉంది. నేర్పని కృపను మనం ఎక్కడినుంచి తెచ్చుకున్నామో మరి.

ఇక్కడ రెండో వైపు నుంచి వచ్చే ప్రమాదం కూడా చెప్పాలి. చిన్న పాపాలు అనగానే మన సంఘాల్లో కొందరికి ఒక జాబితా నోటికి వచ్చేస్తుంది. చెవిదుద్దులు, తలలో పూలు, సినిమా, గాజులు, చీర అంచు. కొత్తగా వచ్చిన పిల్లని మూడో వారానికే పక్కకు పిలిచి దుద్దుల సంగతి చెప్తారు. పెట్టుకోవాలా వద్దా అన్నది ఆయా సంఘాల పద్ధతి, నేను అందులో తలదూర్చను. కానీ ఒకటి గమనించాను. జాబితాలో ఉన్నవన్నీ కంటికి కనిపించేవే, పైగా ఎక్కువ ఆడవాళ్లవే. కాటా చెవికి వేలాడదు కాబట్టి దాని మీద వాక్యం రాదు. పుదీనాలో, సోంపులో, జీలకర్రలో దశమభాగం లెక్కపెట్టి న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేసినవాళ్లను ప్రభువు ఏమన్నాడో మత్తయి ఇరవై మూడులో ఉంది. దోమను వడగట్టి ఒంటెను మింగడం అన్నాడు. దోమను వడగట్టడం తప్పని అనలేదు. "వాటిని మానక" వీటిని చేయాలన్నాడు. మనకి ఆ సగం కూడా గుర్తుండదు.

కులం సర్టిఫికెట్టు గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితులను బీసీ-సి కింద లెక్కిస్తారు. అందుకే కాగితం మీద ఒక మతం, మందిరంలో ఒక మతం ఉన్న కుటుంబాలు ఉన్నాయి. దీన్ని చిన్న పాపాల లెక్కలో వేసి కొత్త విశ్వాసి మెడకు కట్టడానికి నాకు మనసొప్పదు. ఆ ఉత్తర్వు మతంతో పాటు కులమూ పోతుందంటుంది. ఊళ్లో పెళ్లి సంబంధం దగ్గర, అద్దె ఇంటి దగ్గర ఏ కులమూ పోలేదు. అబద్ధం చెప్పమని నేను ఎవరికీ చెప్పను. అయితే ఆ ముడి వేసింది ఆ మనిషి కాదు, దాన్ని విప్పే బాధ్యత ఆ ఒక్కడి మీద వేసేవాళ్లు ముందు తాము దాని కోసం ఏం చేశారో చెప్పాలి.

ఇంకో రకం మనుషులు ఉంటారు, వాళ్ల దగ్గర ఈ వ్యాసంలోని మాటలు జాగ్రత్తగా వాడాలి. మంచి మనసున్న పిల్లలే. ప్రార్థనలో మనసు పక్కకు పోయింది, అది పాపమా? కలలో ఏదో వచ్చింది, అది పాపమా? ఒప్పుకున్నదాన్నే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటారు, నిద్రపోరు. ప్రొటెస్టెంటు సంస్కరణకు ఆద్యుడైన మార్టిన్ లూథర్ 1505లో మఠంలో చేరాక ఇలాగే అయిపోయాడు. ఒక్కోసారి ఆరు గంటల పాటు పాపాలు ఒప్పుకునేవాడట. గదికి తిరిగొచ్చేసరికి ఇంకొకటి గుర్తొచ్చేది. ఆయన గురువు స్టౌపిట్జ్ విసిగిపోయి, నీ లోపలికి కాదు, క్రీస్తు గాయాల వైపు చూడమన్నాడు. నేను నా తరగతిలో ఇలాంటివాళ్లను ఒకటే అడుగుతాను: "ఎవరికి?" ఎవరికి నష్టం జరిగింది, ఎవరికి ఏమి తిరిగి ఇవ్వాలి? పేరు వస్తే వెళ్లి ఇచ్చెయ్యి, చెప్పెయ్యి. పేరు రాకపోతే మొదటి యోహాను ఒకటి తొమ్మిది చదువుకుని, దేవుడి దగ్గర ఒక్కసారి ఒప్పుకుని అన్నం తిను. ఈ కొలత అన్నిటికీ సరిపోతుందని నేననను. చూపుల పాపాలు, అసూయ, వీటికి వేరే మందు కావాలి. కానీ మొదటి ఏడాదిలో ఉన్నవాడికి ఇది చాలావరకు పనిచేస్తుంది. ఎందుకంటే ఇది వాణ్ణి గదిలోంచి వీధిలోకి పంపిస్తుంది.

ఎవరితో చెప్పుకోవాలన్నది మాత్రం మా వైపు పెద్ద చిక్కే. యాకోబు పత్రిక మీ పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకోమంటుంది. ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ 1738లో చిన్న చిన్న గుంపుల కోసం నియమాలు రాసినప్పుడు, వారం వారం ప్రతి ఒక్కరినీ అడగాల్సిన ప్రశ్నల్లో మొదటిది అదే పెట్టాడు: గత కూటం తర్వాత తెలిసి చేసిన పాపాలేవి? మగవాళ్లు వేరు, ఆడవాళ్లు వేరు, పెళ్లైనవాళ్లు వేరు, కానివాళ్లు వేరు. ఆ గుంపులు అక్కడ చాలా ఏళ్లు నడిచాయి. ఇక్కడ ఎవరితోనైనా ఒక మాట చెప్తే బుధవారం కూటంలో "మన సహోదరి ఒక శోధనలో ఉంది, పేరు చెప్పను గానీ, ఫలానా వీధిలో ఉంటుంది, ప్రార్థించండి" అని వస్తుంది. ప్రార్థన మనవి పేరుతో నడిచే ఈ చాడీ, నన్నడిగితే, ఉత్తరాంధ్ర సంఘాల ముద్దుల పాపం. పెద్ద పెద్ద వాక్యోపదేశకులు కూడా దీనికి అతీతులు కారు. అందుకని గుంపులు వద్దంటాను. ఒక్క మనిషి చాలు. ఆడవాళ్లకు ఒక పెద్దావిడ, నోరు జారదని ఊళ్లో పేరున్నావిడ. మగవాళ్లకు కూడా అలాంటి ఒకాయన. ఆయనకు సంఘంలో పదవి ఉండకపోతే ఇంకా మంచిది.

పాత బాప్తిస్టు సంఘాల్లో తప్పు చేసినవాళ్లకి బల్ల ఆపేసేవారు. కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. అది పెద్ద తప్పులకే, బయటపడ్డాకే. బయటపడని చిన్నవాటికి మన దగ్గర ఏ ఏర్పాటూ లేదు. బల్లకు ముందు "తన్ను తాను పరీక్షించుకొనవలెను" అని పాస్టరయ్యగారు చదువుతారు, అర నిమిషం కళ్లు మూసుకుంటాం, ఆ అర నిమిషంలో ఎరువుల కొట్టు గుర్తొచ్చినా అప్పటికప్పుడు లేచి వెళ్లలేం కదా. ఆ వాక్యం వారం ముందు ఆదివారమే చదివితే మధ్యలో ఏడు రోజులు దొరుకుతాయి. ఇది నేను అయ్యగారితో అన్నాను. బాగుందన్నారు. ఇంకా మొదలుపెట్టలేదు.

వచ్చే సంఘ కమిటీలో నేను రెండు సంగతులు పెట్టబోతున్నాను. మొదటిది, బాప్తిస్మం తరగతిలో చివరి వారం బాకీల వారం. ఎవరికి ఏమివ్వాలో ఎవరికి వారు కాగితం మీద రాసుకోవాలి, నాకు చూపించనక్కర్లేదు, తీర్చినవాటిని కొట్టేసి కాగితం చింపేసుకోవచ్చు. దీనికి ఎవరూ అడ్డు చెప్పరనుకుంటున్నాను, కొత్తవాళ్ల మీద పెట్టే నియమాలకు మా దగ్గర ఎప్పుడూ ఓట్లు పడతాయి. రెండోది, కొత్తవాళ్లని ఆ కాగితం రాయమనే ముందు సంఘం కానుకల జమాఖర్చులు నెలనెలా మందిరం గోడకు అంటించాలి. అది కూడా సున్నా చూపించడమే. దీని మీద గొడవవుతుంది. కోశాధికారి వరసకు నాకు బావగారు. ఆయనకు ముందే చెప్పాను. "నీకెందుకు బావా ఇవన్నీ, తరగతి చెప్పుకో" అన్నారు. లెక్కలు తప్పున్నాయని నేననలేదు, ఆయనా అనలేదు. అయినా అంటించమనే అంటాను.